హేరోదు కోటు

నల్గొండ, హాస్టల్
15 అక్టోబర్ 2024

పుష్పత్తకు, నీ మేనకోడలు మెర్సీ వందనాలు చెప్పి రాసేది.

ముందు ఒక మాట. ఈ లెటర్ చదివినంక చింపెయ్. బాపుకు ఫోన్ చెయ్యకు. అమ్మకు అసలే చెయ్యకు. నేను బాగనే ఉన్న, జ్వరం గిట్ల ఏం లేదు, ఎవర్నీ లవ్ చేస్తలేను. ముందే చెప్తున్న, ఎందుకంటే నువ్వు ఫస్ట్ అదే అనుకుంటవ్.

ఫోన్ చెయ్యకుండ లెటర్ ఏందీ అంటవేమో. మా కాలేజీల ఫోన్లు బంద్. ఆదివారం నాగరాణి మేడం, అంటే మా వార్డెన్, తన ఫోన్ ఐదు నిమిషాలు ఇస్తది. స్పీకర్ ఆన్ చేసి పక్కకే నిలబడి వింటది. ఇంటికి తప్ప వేరేవాళ్లకు చెయ్యనియ్యదు. అందుకే ఈ లెటర్ స్నిగ్ధ చేతికి ఇస్తున్న. స్నిగ్ధ నా బెంచ్‌మేట్, డే స్కాలర్, ఇల్లు బస్టాండ్ వెనుక. వాళ్ల అడ్రస్ కింద రాసిన. నువ్వు కూడా దానికే రాయి. కవరు మీద నా పేరు వద్దు.

ఇప్పుడు అసలు సంగతి. కూసున్నవా? నిలబడి ఉంటే కూసో.

దసరా సెలవులకు కట్టంగూర్ పోయిన గదా. వానలు పోయినంక చర్చిల పెట్టె తీసి క్రిస్మస్ డ్రామా బట్టలు ఎండకు వేస్తరు, నీకు తెలుసు. గురవయ్య తాత వాళ్ల సుక్కమ్మ అవ్వ నన్ను సాయం పిలిచింది. దేవదూతల రెక్కలు తీసినం, ఎలకలు కొరికినయి. గొల్లల గొంగళ్లు తీసినం. అడుగున హేరోదు రాజు కోటు. చిన్నప్పటి నుంచి గురవయ్య తాత ఒంటి మీద దూరం నుంచి చూసుడే గాని దగ్గర ఎన్నడూ చూడలేదు, ఆయన దగ్గరికి పోవాలంటేనే నాకు చేతులు చల్లబడ్తయి. అవ్వ దాన్ని దులిపి తీగ మీద వేసింది. ఎండ పడ్డది.

అత్తా, ఊదా రంగు మఖ్మల్. రొమ్ము మీద జరీ నెలవంకలు ఐదు. నాలుగోది తిరగబడి ఉంది.

నాలుగోది! అన్నీ కుడి దిక్కు చూస్తుంటే అదొక్కటి ఎడమకు! 'మూడు రాజ్యాల పండుగ' సినిమాల ముగ్గురు రాజులు మెట్ల మీదికెల్లి దిగుకుంట పాడే పాట వచ్చినప్పుడల్లా నువ్వు టీవీ ఆపి, వేలు పెట్టి చూపిచ్చేది గదా, "చూడే, దర్జీ తప్పు కుట్టిండు, ఎవ్వలు చూడలే" అని. నీ కిరాయి డ్రెస్సుల దుకాణం వెనుక రూముల ఎర్ర రాజు కోటు ఉంది, పచ్చ రాజు కోటు ఉంది, నడుమ ఖాళీ హ్యాంగర్ ఉంది. ఆ హ్యాంగర్ మీదికి రావాల్సింది మన చర్చి పెట్టెల ఉంది! ఎన్నడో ఒక డ్రామా కంపెనీ లారీ మన రోడ్డు మీద బోల్తా పడితే ఆ పెట్టె అక్కడనే వదిలేసి పోయిండ్రట. అవ్వకు అంతే ఎరుక.

"ఏందే, బల్లిని చూసినట్టు చూస్తున్నవ్?" అన్నది అవ్వ. నేను "చెమట వాసన వస్తుంది అవ్వా" అన్న. అబద్ధం కాదు, నిజంగనే వస్తుంది.

ఎవ్వరికీ చెప్పలేదు. భయం అయితుంది, నవ్వు కూడా వస్తుంది. ఏం చెయ్యాలె?

నీ మెర్సీ

(చింపినవా?)


పాలమూరు
21 అక్టోబర్

నా బంగారు కోడలా, వెయ్యేండ్లు బతుకు,

చింపలే. చింపుతనా? లోపలి జేబుల పెట్టుకొని తిరుగుతున్న.

నీ ఉత్తరం వచ్చేసరికి దుకాణంల ఒకామె బిడ్డకు భరతనాట్యం డ్రెస్సు కిరాయికి తీసుకుంటాంది. నేను ఒక్క కేక పెట్టిన. ఆమె "అయ్యో, ఎవరు పోయిండ్రమ్మా?" అని నా చెయ్యి పట్టుకొని ఏడ్వబట్టింది. ఆమెను ఊకుంచి పంపి, షట్టరు సగం దించి, బొమ్మకు తొడిగిన సత్యభామ చీర పట్టుకొని దాంతోనే దుంకులాడిన. మీ మామ వచ్చి చూసి, "లాటరీ గిట్ల తగిలిందా?" అన్నడు. "అంతకంటె పెద్దది" అన్న. "అయితే అన్నం పెట్టు" అని కూసున్నడు. గీ మనిషికి కళ అంటే అంతే.

బిడ్డా, నీకు పచ్చ కోటు కథ చెప్పిన్నో లేదో. నాగర్‌కర్నూల్ దిక్కు ఒక మిరపచేనుల దిష్టిబొమ్మకు తొడిగి ఉండె. బస్సుల పోతుంటే కనవడ్డది. బస్సు ఆపమంటే డ్రైవరు వాంతులనుకొని ఆపిండు. రైతుకు మీ మామ కొత్త అంగీ ఇచ్చి కోటు తెచ్చిన. ఎర్రది ఇంకా అన్యాయం. సదర్ పండుగనాడు దున్నపోతు మీద కప్పిండ్రు! డప్పుల నడుమ దాని ఎనుకనే నడిచిన. దాని యజమాని "నన్నెందుకు అడుగుతవ్ అక్కా, దున్నపోతును అడుగు, అదే ఇష్టపడి వేసుకుంది" అన్నడు. నిజం చెప్పాల్నంటే నాకంటె దానికే మంచిగ ఉండె.

ఇగ పని ముచ్చట. మన టైలర్ ఎల్లేశంతోని అచ్చం అట్లాంటిదే కొత్త కోటు కుట్టిపిస్తున్న. నాలుగో నెలవంక తిరగెయ్యమంటే నాతోని కొట్లాటకు దిగిండు. "నా చేతికి తప్పు కుట్టు రాదమ్మా, ఊరంత నవ్వుతది" అంటడు. "తప్పే కుట్టు, తప్పుకే పైసలు" అన్న. పార్సిల్ స్నిగ్ధ ఇంటికి వస్తది.

దీపావళికి ఇంటికి పోయినప్పుడు కొత్తది గురవయ్య చిన్నాయినకు ఇచ్చి పాతది అడుగు. మొఖం మీదనే అడుగు. ఆయన అరుస్తడు గని కరువడు. నేనే వచ్చేదాన్ని, కాని నా పెండ్లిల ఆయన బంతికి మాంసం కూర అందలేదని ఇప్పటిదాంక నన్ను చూస్తే మొఖం తిప్పుకుంటడు. నీ మీద ఆయనకు కోపం లేదు. నువ్వు మా అన్న బిడ్డవు, సల్లగ మాట్లాడ్తవ్, ఇస్తడు.

కోటు చేతికొచ్చినంక నీ దగ్గరనే పెట్టుకో. పార్సిల్ చెయ్యకు, క్రిస్మస్ అయినంక నువ్వే పట్టుకొని రా.

నీ అత్త
పుష్ప


నల్గొండ
5 నవంబర్

అత్తా, వందనాలు.

పని అయిపోయింది!!!

దీపావళికి ఒక్క రోజు పంపిండ్రు. కొత్త కోటు ఇప్పుడు చర్చి పెట్టెల ఉంది. పాతది నా ట్రంకుల బాటనీ రికార్డు కింద ఉంది. గురవయ్య తాత ఏమీ అనలేదు. ఇగ ఆ ముచ్చట అడగకు ప్లీజ్.

ఎల్లేశం ఎంత మంచిగ కుట్టిండో! మడతపెట్టి పక్కపక్కన పెడితే నేనే తికమక పడ్డ. మళ్ల వాసన చూసి ఏది ఏదో తెలుసుకున్న.

ఇక్కడ అందరూ మెస్‌కు పోయినప్పుడు నేను కడుపునొప్పి అని ఉండి ట్రంకు తీసి చూస్తున్న. లోపలి అస్తరు చిలకపచ్చ. సినిమాల అది కనబడనే కనబడదు! కనబడని దగ్గర కూడా ఎవరో ఇష్టంగ మంచి రంగు వేసిండ్రు. చేతి దగ్గర చిన్న మరక ఉంది, మెట్ల పాటల ద్రాక్షపండ్లు విసురుతరు గదా, ఆ మరకే అనుకుంటున్న. నువ్వు చమురు మరక అంటే మాత్రం ఒప్పుకోను.

నిన్న ఫిజిక్స్ టెస్ట్‌ల తక్కువ వచ్చినయి. సార్ తిడుతుంటే నా ట్రంకుల ఒక రాజు కోటు ఉందని గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఇంకో రెండు తగిలినయి.

నీ మెర్సీ


పాలమూరు
11 నవంబర్

కోడలా, నా సుక్కా,

నువ్వు పిరికిదానివి అన్నోళ్ల నోట్ల మట్టి పడ. గురవయ్య చిన్నాయిన ముంగట నిలబడి అడిగినవ్! ఆయన ఏమనలే కూడా! మనిషి ఎంత మారిండో! మాంసం కూర మర్చిపోయిండన్నట్టే. నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి.

గంత పెద్ద మనసు చేసినోనికి వట్టి చేతులు చూపిస్తె మర్యాదనా? మన పరమేష్ బస్సు కండక్టరు గదా, కట్టంగూర్ మీదికెల్లి పోతాండు. వానితోని ఒక శాలువా, గంధం దండ, మంచి పంచె పంపిన. ఊరోళ్ల ముంగట కప్పి నా మాటగ చెప్పమన్న: "ఇన్నేండ్లు మోసినవ్ చిన్నాయినా, ఇగ ఆరాం చెయ్యి, పుష్ప నీ మేలు మర్వది" అని. ఆ బరువు కోటు ఎన్నేండ్ల సంది మోసిండో పాపం.

మంచిగ చేసిన్నా లేదా? మీ మామ "ఎందుకే గియ్యన్ని?" అన్నడు. ఆయనకు మర్యాద తెల్వది.

హ్యాంగరు తుడిచి పెట్టిన. రోజు ఒకపారి తుడుస్తున్న.

నీ అత్త
పుష్ప


నల్గొండ
20 నవంబర్

అత్తా!!

శాలువా ఎందుకు పంపినవ్ అత్తా! అయ్యో దేవా!

మొన్న ఆదివారం అమ్మకు ఫోన్ చేసిన. నాగరాణి మేడం పక్కన నిలబడి చెవి రిక్కించింది. అమ్మ "మీ అత్తకు ఏం బుద్ధి పుట్టిందే!" అని మొదలుపెట్టింది. నేను "అట్లనా, ఊ, ఊ" అనుకుంట గోడ పట్టుకున్న.

పరమేష్ మనూరి స్టాప్ కాడ బస్సు ఆపి, చాయ్ హోటల్ కాడ గురవయ్య తాతను నిలబెట్టి, దండేసి, శాలువా కప్పి, నీ మాట గట్టిగ చెప్పిండట. శాలువా కప్పితే చప్పట్లు కొట్టాలె అని అందరూ కొట్టిండ్రట. తాత "ఎందుకురా ఇది?" అంటే పరమేష్ "ఏమో పెద్దయ్యా, పుష్పక్క కప్పుమన్నది" అని రైట్ రైట్ అనుకుంట పోయిండట.

అత్తా, మనూర్ల శాలువా ఎప్పుడు కప్పుతరు? పోస్ట్‌మ్యాన్ రిటైర్ అయితే కప్పిండ్రు. హెడ్మాస్టర్ దిగిపోతే కప్పిండ్రు. సర్పంచ్ టైమ్ అయిపోతే కప్పిండ్రు. శాలువా కప్పినోళ్లెవ్వరూ మళ్ల ఆ కుర్చీల కూసోలేదు! పైనుంచి నువ్వు "ఇగ ఆరాం చెయ్యి" అన్నవ్!

తాత ఆ బుధవారం ప్రార్థనకు చర్చికి వచ్చి, శాలువా మడిచి టేబుల్ మీద పెట్టి, "హేరోదు పదవి కెల్లి నన్ను దించిండ్రంట గదా. పాలమూరుదాంక తెలిసింది, నాకే తెల్వలే. ఇంకోన్ని చూసుకోండ్రి" అని పోయిండట. బాపు పెండ్లికి ముందు నుంచి ఆయనే హేరోదు! ఇప్పుడు మంచం మీద గోడ దిక్కు తిరిగి పండుకుంటున్నడు. డ్రామా నేర్పే వీరేశం సారే ఈ కుట్ర చేసిండని ఊరంత అంటుంది. సార్‌కు పాపం అన్నం పోతలేదు.

ఇంకోటి కూడా అయింది. మన గొల్లోళ్ల బిక్షమ్మ మనుమడు శివకృష్ణను కుక్కలు తరిమినయి, పోరడు జడుసుకున్నడు. జడుసుకున్న పిల్లల్ని గురవయ్య తాత కాడికే తెస్తరు గదా, హిందువులైనా మనోళ్లైనా. ఆయన కోటు తొడుక్కొని, పిల్లగాన్ని అందుల చుట్టి, ఒక్కపారి హేరోదు లెక్క అరుస్తడు. పెద్ద భయం చిన్న భయాన్ని తింటదని. ఈసారి బిక్షమ్మ తీసుకపోతే "నేను ఇప్పుడు రాజును కాదమ్మా, రాజు ఎవడో వాని కాడికి పో" అన్నడట. పోరడు ఇంకా ఉలిక్కిపడుతున్నడు.

ఇగ నేను దాచిపెట్టింది చెప్తున్న. తిట్టు, కాని చదివినంక తిట్టు. తాత ఏమీ అనలేదని రాసిన గదా. నేను అడిగితే గదా అనేది. వాకిట్ల దాంక పోయిన. ఆయన లోపల దగ్గిండు. నేను వాపస్ ఉరికిన. చర్చి ఊడ్వడానికని అవ్వ దగ్గర తాళంచెవి అడిగి, పెట్టెల కోటు మార్చి వచ్చిన. అంతే. ఆయనకు ఏమీ తెల్వదు. నేను దొంగనైన.

నువ్వు ఊరికి రాకు. ఫోన్ చెయ్యకు. ప్లీజ్.

మెర్సీ


పాలమూరు
27 నవంబర్

మెర్సీ,

ఫోన్ చెయ్యకు అని నువ్వు రాసిన ఉత్తరం శనివారం వచ్చింది. నేను శుక్రారమే చేసిన.

మీ బాపు ముందు నాకు చేసిండు. "శాలువా ఏందే పుష్పా?" అంటే "ప్రేమ అన్నా" అన్న. ఎందుకో మనసొప్పక చిన్నాయినకు కొట్టిన. "చిన్నాయినా, నువ్వు లేకుంటే డ్రామా ఎట్ల? కాళ్లు నొస్తే కుర్చీల కూసోని వెయ్యి, గొంతు లేవకుంటే మైకు పెట్టిస్తరు" అన్న. మంచికే అన్న! ఆయన ఫోను పెట్టేసిండు. పెట్టేసే ముందర "సుక్కమ్మా, నాకు కాళ్లు కూడ పడిపోయినయంట చూడు" అన్నది ఇనవడ్డది.

నిన్ను ఎంత తిట్టాల్నో అంత తిట్టిన అనుకో. మొత్తం రాస్తే కాగితం సాలదు. అడుగు అని రాస్తే దొంగతనం చేసినవ్! ఆయన దగ్గితే ఉరికినవ్! తిట్టుకుంటనే నవ్విన బిడ్డా, మీ మామ లేచొచ్చి నీళ్లు ఇచ్చిండు.

కాని నవ్వినంక కూసోని ఆలోచన చేసిన. గా ముసలాయన గోడ దిక్కు తిరిగి పండుకుంటే నేను ఇక్కడ ఆ కోటు చూసుకుంట మురిసిపోవాల్నా? నాకు వద్దు. ఖాళీ హ్యాంగరు ఇన్నేండ్లు ఉన్నది, ఇంకింతకాలం ఉంటది. క్రిస్మస్‌కు ఇంటికి పోయినప్పుడు పాత కోటు ఆయన చేతుల పెట్టు. అంతా చెప్పు. నా మీదనే పెట్టు. "మా అత్తకు సినిమా పిచ్చి తాతా" అను, ఊరంత నమ్ముతది.

నేనే వచ్చేదాన్ని. కాని ఇప్పుడు నా దుకాణం చూస్తే నువ్వే నవ్వుతవ్. పాలమూరుల ఉన్న బళ్లన్నిటికి క్రిస్మస్ తాతలు కావాల్నంట. ఎర్ర టోపీలు, దూది గడ్డాలు, ఎటు చూసినా తాతలే. ఒక్క తాతను కోపం తెప్పించిన పాపానికి దేవుడు ఇంతమంది తాతల్ని నా మీదికి తోలిండు.

భయపడకు. భయపడ్డా సరే, పో.

అత్త


నల్గొండ
10 డిసెంబర్

అత్తా, వందనాలు.

నువ్వు తిట్టినవన్నీ ఒప్పుకున్న. కోటు తాతకే ఇస్తా.

కాని ఇచ్చేదాంక అది ఉంటే గదా! శనివారం పొద్దున నాగరాణి మేడం సడన్‌గ ట్రంకుల చెకింగ్ అన్నది. ఎవరో ఫోన్ దాచిండ్రని డౌట్. మా రూముకు వచ్చేలోపల నేను బాత్రూముల దూరి కోటు తొడుక్కొని దాని మీద స్వెటర్, స్వెటర్ మీద చున్నీ చుట్టుకొని వచ్చి నిలబడ్డ. చెయ్యి మడవడానికి వస్తలేదు. మేడం నా ట్రంకుల బాటనీ రికార్డు తిప్పి తిప్పి చూసి, నన్ను పైనుంచి కిందికి చూసింది.

"మెర్సీ, మా మెస్ తిండి నీకు బాగా వంటబట్టిందమ్మా" అన్నది.

మేడం అంత సంతోషంగ ఎన్నడూ నవ్వలేదు. పక్క రూముకు పోయి "చూడండి, మెస్ బాగలేదంటరు, మెర్సీని చూడండి" అని కూడా చెప్పింది. ఆ రోజు నాకు రెండో గుడ్డు వేసిండ్రు. స్నిగ్ధ నవ్వి నవ్వి బెంచీ మీద తల కొట్టుకుంది.

ఇంటి ముచ్చట్లు: హేరోదు వేషం వీరేశం సార్‌కే పడ్డది. కోటు మాత్రం ముట్టుకోడట, శాలువా కప్పుకొనే రిహార్సల్ చేస్తున్నడట. ఎవరూ ముందుకు రాకపోతే సారే వేస్తున్నడు, వేస్తే కుట్ర నిజమే అంటున్నరు, వెయ్యకపోతే డ్రామా లేదు. "బేత్లెహేములో ఉన్న పిల్లలందరినీ నరకండి" అని సార్ అంటే హోంవర్క్ అడిగినట్టే ఉందట. ముందు వరుసల పిల్లలు చేతులు లేపిండ్రట.

22న ఇంటికి పోతున్న. గురవయ్య తాత ముందు ఏం చెప్పాల్నో రోజూ మనసుల చెప్పుకుంటున్న. "తాతా" అనే వరకు మంచిగనే వస్తుంది. చర్చి నుంచి నన్ను వెళ్లగొడితే, బాపు మాట్లాడుడు బంద్ చేస్తే, నేను పాలమూరు వచ్చి నీ దగ్గర గడ్డాలు దువ్వుకుంట బతుకుత. జాగా ఉందా?

మెర్సీ


కట్టంగూర్
28 డిసెంబర్

నా పుష్పత్తకు, మెర్సీ రాస్తున్నది. ఇది మాత్రం తప్పకుండ చింపెయ్. చింపి, ముక్కల్ని కూడా చింపెయ్.

22న బస్సు దిగి ఇంటికి కూడా పోలేదు. ఇంటికి పోతే ధైర్యం పోతదని సీదా గురవయ్య తాత ఇంటికి పోయిన. కోటు సంచిల ఉంది. సంచిని రెండు చేతులతోని పట్టుకున్న.

వాకిట్ల జాతర లెక్క జనం. నడుమ తాత. మంచం మీద కాదు, నిలబడి! ఒంటి మీద కోటు! కొత్త కోటు!

ఏమైందంటే, ఆ పొద్దున బిక్షమ్మ మళ్ల వచ్చిందట. "నీ పదవి ఉంటే ఉండె పోతే పాయె, నా మనుమడు నిద్ర పోతలేడు, నువ్వు అరుస్తవా అరవవా?" అని మంచం కాడనే కూసుందట. సుక్కమ్మ అవ్వ చర్చికి పోయి కోటు తెచ్చి ఆయన మీద పడేసిందట. శివకృష్ణను చుట్టాల్నంటే ముందు తను తొడుక్కోవాలె గదా. తొడుక్కున్నడు. గుండీలు పెట్టుకున్నడు.

అన్ని గుండీలు కాజాలల్ల పడ్డయి!

"ఓ మెర్సీ! ఇటు రా, ఇటు రా! సదువుకున్నదానివి, లెక్కపెట్టు. ఎన్ని పడ్డయి?" అని నన్నే పిలిచిండు.

"అ... అన్నీ, తాతా."

"అన్నీ! నీ చిన్నప్పటి సంది కింది రెండు పడకపోతుండె. పొట్ట లోపలికి గుంజి, ఊపిరి బిగవట్టి చెప్పేటోన్ని డైలాగు. ఇప్పుడు చూడు!" గుంజీలు తీసిండు. అవును, గుంజీలు! "ముసలోడైండని శాలువా కప్పుతరా నాకు? కాళ్లు పడిపోయినయా నాకు? పొట్ట కరిగింది నాది! రాగంబలి తాగుతున్న, ఊరికెనా? ఏడీ వీరేశం? పిలువుండ్రి!"

వీరేశం సార్ అప్పటికే గేటు కాడ ఉన్నడు, కండ్లు తుడుచుకుంట. "పెదనాయినా, నన్ను కాపాడినవ్" అని కాళ్లు పట్టుకున్నడు.

అత్తా, నువ్వు కోటు పాతదాని కొలతకు కుట్టియ్యలేదు, గురవయ్య తాత పొట్ట గుర్తు చేసుకొని కుట్టిచ్చినవ్! ఆయనకు తొడిగే కోటు గదా అని! ఆయనేమో తనే సన్నబడ్డ అనుకుంటున్నడు!

నాకు నోరు తెరుచుకుంది. "తాతా" వరకు వచ్చింది, ప్రాక్టీస్ చేసిందే గదా. తర్వాతి మాట వచ్చేలోపల సుక్కమ్మ అవ్వ నా సంచి పట్టుకుంది.

"ఏముందే ఇందుల?"

"బుక్స్, అవ్వా."

అవ్వ సంచిని ఒత్తి చూసింది. "మెత్తటి సదువు సదువుతున్నవే" అని నా రెక్క పట్టి కోళ్లగూడు వెనుకకు గుంజుకపోయింది. నా పానం పోయింది.

"ఏడాదికోపారి ఆ కోటు పక్కలు విప్పి, నా పాత జాకెట్ల గుడ్డ అతికి, మళ్ల కుట్టేది ఎవరనుకున్నవ్? నేను. దీపావళి తెల్లారి పెట్టె సర్దితె అతుకుల్లేని కోటు కనవడ్డది. తాళంచెవి తీసుకపోయింది నువ్వు. నాకు లెక్క రాదా?"

"మరి ఎందుకు చెప్పలేదు అవ్వా?"

"ఎందుకు చెప్తనే? పాతదాన్ని ఉతికి ఉతికి నా చేతులు పడిపోతుండె. కొత్తది మంచిగుందని ఊకున్న."

నాకు ఏడుపు వచ్చింది. రెండు నెలల టెన్షన్ అత్తా! "తాతకు ఇప్పుడే చెప్పేస్త అవ్వా, దానికే వచ్చిన" అన్న.

"చెప్పినవంటే చెంప పలుగుతది." అవ్వ గొంతు తగ్గించింది. "నెల దినాలాయె ఆ మనిషి గోడతోని తప్ప మాట్లాడక. ఇయ్యాల కడుపునిండ ఊపిరి తీసుకుంటాండు. ఎందుకు పడ్డయో గుండీలు, పడ్డయి. నీ సంచి ముడి ఇప్పకు. ఆ కోటు కావాల్నన్నోళ్లకు ఇచ్చుకో."

"దొంగతనం గదా అవ్వా?"

"దొంగతనమే. నేనూ కలిసిన గదా, సగం నాకు పంచు."

మేం వాపస్ వచ్చేసరికి తాత శివకృష్ణను కోట్ల చుట్టి ఒక్క కేక పెట్టిండు. కోళ్లు గూట్లెకెల్లి లేచి గోడెక్కినయి. బిక్షమ్మ చేతుల సంచి పడిపోయింది. నేను చెవులు మూసుకున్న. పోరడు కండ్లు పెద్దగ చేసి చూసి, "తాతా, ఇంకొక్కసారి" అన్నడు! ఆ పొద్దు మాపు దాంక పండుకున్నడట. కోటు కొత్తదైనా పని చేసిందత్తా. ఎట్లనో నన్ను అడగకు.

24 సాయంత్రం డ్రామా. చర్చి కిటికీలల్ల కూడా జనం. తాత సింహాసనం మీదికెల్లి లేచిండు. "బేత్లెహేములో రెండేండ్ల లోపు పిల్లలందరినీ..." అని కత్తి ఎత్తిండు. మరియమ్మ వేషం కట్టినామె బొమ్మను పట్టుకొని నిజంగనే ఉరికింది. అంత మంచిగ వస్తుంటే నడుమల ఆపిండు. కత్తి చంకల పెట్టుకొని ముందుకు వచ్చి, "నరికే ముందర ఊరోళ్లు ఒకటి చూడాలె" అని, పై గుండీ నుంచి కింది గుండీ దాంక ఒక్కొక్కటి తట్టి చూపిచ్చిండు. చివరిది తట్టినంక, "శాలువా పాలమూరుకు వాపస్ పంపుండ్రి!" అని, మళ్ల కత్తి తీసి, "...నరకుండ్రి!" అన్నడు. సైనికులకు ఎటు పోవాల్నో తెల్వలేదు.

చప్పట్లు ఆగలేదు. నేనూ అవ్వా పక్కపక్కనే కూసున్నం. అవ్వ నవ్వు ఆపుకోవడానికి నా తొడ గిచ్చింది. నేను నోట్లె చున్నీ కుక్కుకున్న. పాస్టర్ గారు మేము దుఃఖపడుతున్నమనుకొని తల ఊపిండు.

కోటు తెస్తున్న అత్తా, వచ్చే ఆదివారం. మడత విప్పితే చంకల కింద పక్కలకు నీలం, పసుపు గుడ్డ ముక్కలు ఉంటయి, అవి అవ్వ జాకెట్లవి. విప్పెయ్యకు, అవి కూడా ఒరిజినలే. ఎవరన్నా ఎక్కడిదని అడిగితే దున్నపోతు మీదనే దొరికిందను.

నిన్న పొద్దున అవ్వకు జొన్నరొట్టెలు ఇయ్యడానికి పోయిన. తాత అద్దం ముందు పక్కకు తిరిగి నిలబడి పొట్ట చూసుకుంటున్నడు.

"సుక్కమ్మా, ఇట్లనే రాగంబలి తాగితే వచ్చే క్రిస్మస్‌కు ఇంకా సన్నబడ్త. కోటు వదులైతది. ఇప్పుడే జర బిగించి పెట్టరాదు?"

అవ్వ ఆయన్ను చూసింది. తర్వాత నన్ను చూసింది.

"సరే తియ్. మెర్సీ, ఆ సూదిల దారం ఎక్కియ్యవే" అన్నది.

నీ కోడలు
మెర్సీ